పేటలకు ఎల్లలు గీయువారెవరు?



పల్లెటూరికి పొలిమేర కలదు. నడుమ బొడ్రాయి, చివర పొలిమేర రాయి, ఆ రెండింటి మధ్య ఊరు. ఏ పొలము ఏ గ్రామపు లెక్కలోనిదో కరణముగారి దస్తరములో నుండెడిది; ఏ చెట్టుదాక తమ యూరో పసులకాపరికిని తెలిసియుండెడిది. నగరములోని పేటకు బొడ్రాయి లేదు, పొలిమేర రాయియు లేదు. అయినను "మీ రెక్కడ నుందురు?" అని యడిగినచో నగరవాసి తడుముకొనక "నారాయణగూడ" అనియో "మలక్‌పేట" అనియో చెప్పును. విన్నవానికి అర్థమగును. ఏ యధికారియు గీయని ఎల్ల, కొలతగొలుసు పడని హద్దు, ఇందరికి నెట్లు తెలిసినది? పేళ్ళు పెట్టువారెవరు? ఎల్లలు నిర్ణయించువారెవరు? హైదరాబాదు నగరమును ఉదాహరణముగా గైకొని ఈ ప్రశ్నలకు సమాధానము చెప్ప యత్నింతును. ఇది కేవలము పండితుల వినోదమునకై చేయు చర్చ కాదు. ఒక చోటి పేరు చెప్పుచున్న మాటను వినకపోవుటచే కలుగు నష్టమెట్టిదో తుదిని మనవి చేసెదను.

మొదట పెద్ద విభాగములను జూతము. తెలంగాణ పల్లెలవారు హైదరాబాదును పేరుపెట్టి పిలుచుట తక్కువ, "పట్నము" అందురు. పట్నము పోయివచ్చితిమన్నచో ఏ పట్నమని యడుగువారు లేరు. 1806లో మూడవ నిజామగు సికందర్ జా పేర వెలసిన సికింద్రాబాదును "లష్కరు" అందురు. లష్కరనగా దండు. ఆంగ్లేయుల దండు విడిసిన చోటు గనుక ఆ పేరు వచ్చినది. ఆంగ్లేయులు వెడలిపోయిరి, పేరు పోలేదు. ఆషాఢమాసము వచ్చినంతనే "లష్కరు బోనాలు" అను మాట ప్రతి నోటను వినబడును. కాగితముమీద సికింద్రాబాదు, నోటిలో లష్కరు. ఒకే నేలకు రెండు పేళ్ళు. ఒకటి ప్రభువు పెట్టినది, ఒకటి ప్రజలు పెట్టినది.

ఇక "పాతబస్తీ" అను మాటను విచారింపుడు. నగరమునకు ప్రాకారమున్న కాలమున గోడ లోపలి భాగమును అందరూన్ బల్దా యనియు, వెలుపలి భాగమును బెరూన్ బల్దా యనియు వ్యవహరించిరి. అనగా లోపలి ఊరు, వెలుపలి ఊరు. ఆ గోడ నేడు లేదు. దాని ద్వారములలో దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా అను రెండు మాత్రము మిగిలినవి. గోడ పోవుటతో జనులు మూసీనదినే గోడగా భావించి, దాని దక్షిణపు టొడ్డున నున్నదానిని స్థూలముగా పాతబస్తీ యనిరి. ఇందొక వింత కలదు. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా చార్మినారును నిర్మించి ఈ నగరమును నెలకొల్పుటకు పూర్వమే గోలకొండ రాజధానియై యుండెను. వయస్సును బట్టి చూచినచో గోలకొండయే పాతది. ఐనను దానిని పాతబస్తీ యనువారు అరుదు. మూసీకి ఉత్తరమున, గోలకొండకును నగరమునకును నడుమ బిడారులు విడిసిన కార్వానును పాతబస్తీలో చేర్చువారు కొందరు, చేర్చనివారు కొందరు. దీనివలన తేలున దేమనగా, ఇచ్చట "పాత" అనునది వయస్సును చెప్పు విశేషణము కాదు. నది కావలి యొడ్డున కొత్త ఊరు పెరిగినది గనుక ఈవలిది పాతదైనది. ఎదుటివారిని చూచుకొని మనలను మనము పిలుచుకొనుట లోకసహజము గదా!

పేటల ఎల్లల సంగతికి వత్తము. నేను బడిలో తెలుగు బోధించుచుండిన కాలమున ఒకమారు ఎనిమిదవ తరగతి పిల్లలను తమ తమ పేటకు నాలుగు దిక్కుల హద్దులు వ్రాసి తెమ్మంటిని. ఒకే పేటలో నివసించు ఆరుగురు వ్రాసిన హద్దులలో రెండైనను కలియలేదు. ఒకనికి దేవాలయముతో పేట ముగిసినది. మరియొకనికి దేవాలయముతోనే మొదలైనది. కాని "మీ పేట నడుమ నేమున్నది?" అని యడిగినంతనే ఆరుగురును ఒక్క గొంతుకతో చౌరస్తా పేరు చెప్పిరి. ఆనాడు పిల్లలకు నేను చెప్పిన మాటనే మీకును చెప్పుచున్నాను. ఊరికి అంచు ప్రధానము. పేటకు నాభి ప్రధానము. దీపమును వెలిగించి వెలుతు రెక్కడ నాగినదని యడిగినచో గీత గీసి చూపగలమా? దీపమున్న చోటు మాత్రము గ్రుడ్డివాడు తప్ప ఎల్లరును చూపగలరు. పేటయు నట్టిదే. చౌరస్తా, అంగడి, గుడి, మసీదు, సినిమాహాలు, బస్సు ఆగు చోటు, వీనిలో నేదో యొకటి దీపము. దాని వెలుగు సోకినంత మేర ఆ పేట. రెండు దీపముల వెలుగులు కలిసిన నడిమి వీధివారు ఒకనాడు ఈ పేటవారు, ఒకనాడు ఆ పేటవారు.

అయితే కొన్ని చోట్ల అంచు స్పష్టముగానే యుండును. నది, చెరువు కట్ట, రైలు పట్టాలు, దాటుటకు భయమగునంత వెడల్పైన రహదారి, ఇవి పేటలను కత్తిరించును. "పట్టాల కావల" అన్నచో దూరము నూరు గజములే యైనను అది వేఱు పేట. దినదినము నడచి పోలేని చోటును మనస్సు తనదిగా నెంచదు. మరియు నొక విశేషము. పేట కొలత వినువానిని బట్టియు మారును. వరంగల్లునందు "మీ దేయూరు?" అని యడిగినవానికి "హైదరాబాదు" అందుము. లష్కరులో నడిగినవానికి "చిక్కడపల్లి" అందుము. చిక్కడపల్లిలోనే యడిగినవానికి "త్యాగరాయ గానసభ ప్రక్క సందు" అందుము. ఇల్లు కదలలేదు, అడిగినవాడు దగ్గరకు వచ్చినకొలది పేరు చిన్నదగును.

ఇప్పుడు పేళ్ళ తుదలను పరిశీలింతము. వైయాకరణునకు ప్రత్యయ మెట్టిదో ఈ విచారణకు పేరు తుద అట్టిది. నాంపల్లి, చిక్కడపల్లి, మల్లేపల్లి. కాచిగూడ, నారాయణగూడ, చిలకలగూడ. ఈ పల్లియు గూడయు తెలుగు పల్లెల గుర్తులు. నేడు మేడలు క్రిక్కిరిసిన ఈ చోట్ల ఒకప్పుడు గుడిసెలు, పొలములు నుండెనని పేరే చెప్పుచున్నది. బజారు, గంజి యనునవి వర్తకపు గుర్తులు. బేగంబజారు, ఉస్మాన్‌గంజి అట్టివి. బాగ్ అనగా తోట. బషీర్‌బాగ్ పేరిటి తోట యేనాడో భవనములకు చోటిచ్చినది. బౌలి యనగా మెట్లబావి. దూద్‌బౌలి, గచ్చిబౌలి యనునవి బావుల చుట్టు పెరిగిన పేళ్ళు. రెండు భాషలు కలిసిన పేళ్ళును కలవు. బాగ్‌లింగంపల్లిలో తల పారసీకము, మొండెము తెలుగు. తలాబ్‌కట్టలో తలాబు హిందూస్తానీ. దాని ప్రక్క మన కట్ట. సంస్కృతపదమును తెలుగుపదమును నియమము దప్పి కూర్చినచో మేము వైరిసమాసమని తప్పుపట్టుదుము. పేట జనులకు మా నియమము పట్టలేదు. వారి సమాసములో వైరమును లేదు.

వ్యక్తుల పేళ్ళు జనుల నోట నానిన విధము మరింత రమ్యము. గోలకొండ రాజవంశమున హయాత్‌బక్షీ బేగమును ప్రజలు గౌరవముతో "మా సాహెబా" యనిరి. ఆమె పేరిటి చెరువు మాసాబ్‌ట్యాంకైనది. నిజాము కొలువున సేనాపతియై 1798లో మరణించిన రేమండు అను ఫ్రెంచివానిని "మూస్యూ రేమండ్" అనుట మనవారికి నోరు తిరుగక, ముస్లిములు మూసా రహీమనియు, హిందువులు మూసా రామనియు పిలిచిరి. మూసారాంబాగు ఆతనిదే. ఫ్రెంచివాడు రాముడైన చోటు మరెక్కడనైన కలదో లేదో! ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను అర్మీనియా జాతీయుడు ఒక యంగడి పెట్టెను. అంగడి పోయినది, అంగడివాడు పోయెను. ఆ చుట్టుప్రక్కల ప్రదేశమంతయు నేటికిని ఆబిడ్సే. సంస్కృతపదము తెలుగు నోట మారి తద్భవమైనట్లు ఇవి నగరపు తద్భవములు. వీనిని తప్పులని దిద్దబూనరాదు. తద్భవమును తత్సమముగా దిద్దిన నుడి నిలుచునా?

శాస్త్రమున శబ్దములను యౌగికములనియు, రూఢములనియు విభజింతురు. అవయవార్థమును బట్టి అర్థమిచ్చునది యౌగికము. అవయవార్థముతో పనిలేక వాడుక బలముచే అర్థమిచ్చునది రూఢము. పేటల పేళ్ళు యౌగికములుగా బుట్టి రూఢములుగా బ్రతుకును. లకడీకాపూల్ అనగా కట్టె వంతెన. ఆ కట్టె వంతెన నేడు లేదు. లాల్‌దర్వాజాలో ఎఱ్ఱని ద్వారము లేదు. సికింద్రాబాదున సంగీత్ అను సినిమాహాలును పడగొట్టి యేండ్లు గడచినవి. బస్సులో "సంగీత్ వద్ద ఆపుము" అనువారు నేటికిని కలరు. వస్తువు నశించినను పేరు నిలుచుటకు కారణమొక్కటే. అచ్చట దిగుట, అచ్చట కలిసికొనుట, అచ్చటినుండి దారి చెప్పుట జనులు మానలేదు. వాడుకయే పేటకు శాసనము.

ప్రభువులు పెట్టిన పేళ్ళు నిలువవా యని యడుగవచ్చును. కొన్ని నిలిచినవి. ఆంగ్లేయుల రెసిడెన్సీ చుట్టునున్న రెసిడెన్సీ బజారు 1933లో నిజాము పాలనలోనికి తిరిగివచ్చినప్పుడు సుల్తాన్‌బజారుగా మారెను. ప్రజలు దానిని గైకొనిరి. కాని రెసిడెన్సీ మేడను బట్టి వచ్చిన "కోఠీ" యను మాటయు పోలేదు. కోఠీ యనగా పెద్ద మేడ. మరియొక యెడ ప్రజలు గైకొనలేదు. 1920లో మూసీపై కట్టిన జలాశయమునకు ఏడవ నిజాము పేర ఉస్మాన్‌సాగరని పేరిడిరి. జనులు మాత్రము అచ్చటి పల్లె పేర గండిపేట అనిరి. నూరేండ్లు గడచినను గండిపేట నీళ్ళే త్రాగితిమందురు గాని ఉస్మాన్‌సాగరు నీళ్ళని చెప్పుకొనువారు తక్కువ.

ప్రభుత్వపు ఎల్లలు వేఱొక జాతివి. 1972 ఆగస్టు 15న తపాలాశాఖవారు పిన్‌కోడు ప్రవేశపెట్టిరి; అది ఉత్తరము చేరుటకు గీసిన గీత. పోలీసు ఠాణా పరిధి నేరవిచారణకు గీసిన గీత. 2007లో పండ్రెండు పురపాలక సంఘములను, ఎనిమిది పంచాయతీలను చేర్చి మహానగర పాలక సంస్థను ఏర్పరచిరి. 2009, 2016, 2020 సంవత్సరముల ఎన్నికలలో దానికి 150 డివిజనులుండెను. డివిజను ఎన్నికకు గీసిన గీత. ఒకే యిల్లు తపాలాకు ఒక పేటలో, ఠాణాకు రెండవ పేటలో, ఎన్నికకు మూడవ పేటలో నుండుట కలదు. ఇవి తప్పులు కావు; ఏ పనికి గీసిన గీత ఆ పనికి సరిపోవును. చిక్కెక్కడ ననగా, పేటకును డివిజనుకును ఒకే పేరుండి మేర వేఱైనప్పుడు. చదువురాని ముసలమ్మ ఫలాని పేరుగల కార్యాలయము తనదేయని పోయి, నీ యిల్లు మాలోనిది కాదని చెప్పించుకొని, ఎండలో తిరిగి వచ్చును. పటము గీయువారు ఒకమారు ఆ వీధివారి నడిగియుండిన ఆ నడక తప్పియుండును.

పేరునకు గౌరవమును ధరయు గూడ కలవు. బస్తీ యన్న పదమునకు ఊరని అర్థము. కాని నగరమున నేడది పేదల వాడ కంటుకొన్నది. ఉద్యోగస్థులు స్థలములు కొని యిండ్లు కట్టుకొన్నచో కాలనీ యందురు. ధనికు లెక్కినచో కొండ హిల్సగును. గుట్టకును హిల్సునకును అర్థభేద మేమియు లేదు. నివసించువారి సంపదయందే భేదము. 1998లో మాదాపురమున వెలసిన హైటెక్ సిటీ యొక సౌధసముదాయపు పేరు. పిదప అది చుట్టునున్న ప్రదేశమునకంతకు పేరయ్యెను. స్థలములమ్మువారు ఆ పేరును కోసుల దూరము సాగదీసి, "హైటెక్ సిటీకి ఆనుకొని" యని ప్రకటించిరి. తనకు తాను పెరిగిన పేరు చౌరస్తానుండి వెలుగువలె వ్యాపించును; అమ్ముటకై సాగదీసిన పేరు రబ్బరువలె సాగి, బేరము ముగిసినంతనే చేయి వదలును. చిక్కులు కొన్నవానివే.

మొదట మాట యిచ్చిన విషయమునకు వచ్చుచున్నాను. అలంకారికులు లక్షణకు గంగయందలి గొల్లపల్లెను ఉదాహరణముగా జెప్పుదురు. ప్రవాహమున పల్లె యుండదు గనుక గంగయొడ్డున నని గ్రహింపవలెను. మాసాబ్‌ట్యాంకులో మా యిల్లన్నప్పుడును అట్లే గ్రహింపవలసియుండెను. కాని చెరువు నేడు లేదు. పార్కు వచ్చినది, ఇండ్లు వచ్చినవి. ఇప్పుడు చెరువులోనే యిల్లన్నను అది ముఖ్యార్థమే! శాస్త్రదృష్టికి ఇది చమత్కారము. వానకాలమున ఇది చమత్కారము కాదు. తలాబ్‌కట్ట మీర్ జుమ్లా చెరువు కట్ట. కట్ట పేరు మిగిలినది, చెరువు ఇండ్లయినది. నగరమున కుంట, చెరువు, కట్ట, సాగరు అని ముగియు పేళ్ళన్నియు నీటి చిరునామాలు. 2020 అక్టోబరు వానలకు గుర్రంచెరువు, పల్లెచెరువు కట్టలు తెగి దిగువ కాలనీలను ముంచినవి. నీరు తన పాత దారిని మరువదు, మరచినది మనము. కుంట పేరు చెవికి సొగసుగా లేదని తీసివైచి "ఎన్‌క్లేవ్" అని పలక కట్టినచో, కొన వచ్చినవాడు హెచ్చరిక నెక్కడ చదువును?

పేరు మేలుచేసిన కథయు నొకటి వినుడు. అంబర్‌పేటలో బతుకమ్మకుంట కలదు. పడతులు బతుకమ్మలను విడిచిన నీరు గనుక ఆ పేరు. కాలక్రమమున అది పూడి, ముండ్లపొదలు పెరిగి, చెత్త చేరి, కుంటవలె కానరాకపోయెను. స్థలము మాదనువారు బయలుదేరిరి. వివాదము న్యాయస్థానమున కెక్కెను. అయినను చుట్టుప్రక్కలవారు దానిని బతుకమ్మకుంట యనుట మానలేదు. 2025లో హైడ్రా యను ప్రభుత్వసంస్థ అచ్చట త్రవ్వించగా కొద్ది అడుగుల లోతుననే నీరు కనబడెను. ఆ యేడు సెప్టెంబరులో, బతుకమ్మ పండుగ దినములలోనే, అది తిరిగి చెరువై ప్రజలకు దక్కెను. దస్తావేజు లుండెను, పటము లుండెను. కాని నీరు కంటికి కానరాని యేండ్లన్నింట దాని యునికిని కాపాడినది ఇరుగుపొరుగువారి నాలుక.

కావున శ్రోతలకు మూడు విన్నపములు చేసెదను. మీ పేట పేరెట్లు వచ్చినదో ఇంటిలోని పెద్దల నడిగి, పిల్లలకు చెప్పుడు. రెండు కథలు వినబడినచో రెండును వ్రాసియుంచుడు. కొత్త కాలనీకి కొత్త పేరు పెట్టుకొనుడు, తప్పులేదు. పలకమీద పాత పేరును గూడ క్రింద వ్రాయింపుడు. ఇల్లు కొనబోవునపుడు అమ్మువాడు చెప్పిన పేరును మాత్రమే వినక, ఆ వీధి మొగదల చాయ అమ్ము ముసలివాని నడుగుడు: "తాతా, ఈ చోటి నిదివఱకేమనెడివారు?" అని. ఆతని మాటలో కుంట యుండినచో, మరునాడు పోయి ఆ సర్వే సంఖ్య కెదురుగా రెవెన్యూ దస్తరములో నేమున్నదో చూచుకొనుడు. ఆ పిమ్మట బయానా ఇయ్యవచ్చును.